వక్క నమలడం: ఆచారం, చరిత్ర, ఆరోగ్య వివాదం – తరచుగా అడిగే ప్రశ్నలు

వక్క గురించి మాట్లాడేవారు సాధారణంగా రెండు వర్గాలుగా విడిపోతారు. ఒకరికి అది తాంబూలంలోని మంగళద్రవ్యం, మరొకరికి అది నోటి క్యాన్సర్‌కు కారణం. ఈ రెండు మాటలూ నిజమే కాబట్టి, ఒకదాన్ని చెప్పడానికి రెండోదాన్ని దాచవలసిన అవసరం లేదన్న ఉద్దేశంతో ఈ జవాబులు రాయడమైనది.

వక్క, తమలపాకు ఒకే మొక్కకు చెందినవా?

కావు. రెండూ ఎప్పుడూ ఒకే పళ్ళెంలో కనిపించడం వల్లనూ, ఇంగ్లీషులో వక్కకు తమలపాకు కాయ అనే అర్థం వచ్చేలా ‘బీటిల్ నట్’ అనే పేరు స్థిరపడడం వల్లనూ ఈ పొరపాటు ఏర్పడింది. పోకచెట్టు కొబ్బరి, తాటి చెట్ల కుటుంబానికి చెందినది. దాని కాయలోని గింజే వక్క. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో ఆ చెట్టుకు ‘అరెకా కాటెచు’ అని శాస్త్రీయ నామం పెట్టాడు. తమలపాకు మిరియాల కుటుంబానికి చెందిన తీగ. ‘అరెకా’ అన్న మాట మలయాళంలోని ‘అడయ్క్క’ నుంచి, ‘బీటిల్’ అన్న మాట ‘వెట్టిల’ నుంచి పోర్చుగీసువారి ద్వారా ఐరోపా భాషలకు చేరాయి. తాంబూలంలో వేసే కాచు మూడో చెట్టుది. దాన్ని చండ్రచెట్టు చేవను ఉడికించి తీస్తారు.

సంస్కృతంలో పూగం, క్రముకం అనీ, తెలుగులో వక్క, పోక అనీ ఈ గింజకు పేర్లున్నాయి. గట్టి వక్కను కత్తిరించే అడకత్తెర కూడా మన భాషలో నిలిచిపోయింది. ఎటూ కదలలేని స్థితిలో ఉన్న మనిషిని అడకత్తెరలో పోకచెక్కతో పోల్చడం వక్క ముట్టనివారికీ అలవాటే.

ఈ అలవాటు ఎంత పాతది?

ఫిలిప్పీన్స్‌లోని పలావాన్ ద్వీపంలో, డుయోంగ్ గుహలో దొరికిన ఒక అస్థిపంజరం పళ్ళకు ఎర్రని మరకలున్నాయి. దాని పక్కనే సున్నం నింపిన గుల్లలు కనిపించాయి. ఆ సమాధి వయస్సు సుమారు 4,600 సంవత్సరాలు. థాయ్‌లాండ్‌లో సుమారు 4,000 ఏళ్ళనాటి ఒక వ్యక్తి పంటిగారలో వక్కలోని రసాయనాల జాడలు ఉన్నట్లు 2025లో వెలువడిన ఒక అధ్యయనం తెలిపింది. ఆ పళ్ళపై కంటికి కనిపించే మరక లేకపోయినా గారలో సాక్ష్యం మిగిలింది. మరకల కోసమే వెతికిన పాత తవ్వకాల్లో ఎంతమంది వక్క నమిలినవారు లెక్కలోకి రాకుండా పోయి ఉంటారోనన్న ప్రశ్న దీనివల్ల తలెత్తుతుంది.

ఆగ్నేయాసియా నుంచి సముద్రయానం చేసే జనాలతో పాటు ఈ చెట్టూ, ఈ అలవాటూ పసిఫిక్ దీవుల వైపు, దక్షిణాసియా వైపు విస్తరించాయి. ‘తాంబూలం’ అన్న మాట సంస్కృతంలోకి ఆగ్నేయాసియాలోనూ తూర్పు భారతంలోనూ మాట్లాడే ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబపు భాషల నుంచి వచ్చిందని భాషావేత్తలు భావిస్తారు. మనం అచ్చంగా మనదని అనుకొనే మర్యాదకు మూలపదం తూర్పు తీరాల నుంచి రావడం ఈ చరిత్రలో నాకు అత్యంత ఆసక్తికరంగా తోచే విషయం.

ఒక గింజకు ఇంత గౌరవం ఎందుకు దక్కింది?

ఇది కేవలం తినే వస్తువుగా కాక, ఇచ్చే వస్తువుగా పెరిగింది కాబట్టి. వివాహం నిశ్చయమైందని చెప్పడానికి తెలుగులో ‘తాంబూలాలు పుచ్చుకున్నారు’ అంటే చాలు. పూజలోని ఉపచారాల్లో తాంబూల సమర్పణ ఉంది, పేరంటం నుంచి వెళ్ళే ముత్తైదువ చేతిలో ఆకులూ వక్కలూ పెడతారు, గురువుకు దక్షిణ తాంబూలంతోనే ఇస్తారు. మలయా భాషలో వక్కను ‘పినాంగ్’ అంటారు; పిల్లను అడగడం అనే అర్థంలో వాడే ‘మెమినాంగ్’ అన్న క్రియ ఆ మాట నుంచే పుట్టింది. పెనాంగ్ అనే ద్వీపానికి పేరు కూడా దీనివల్లనే వచ్చింది. వియత్నాంలో సంభాషణకు తొలిమాట తాంబూలమేనని సామెత ఉంది, పెళ్ళి మాటలకు ఆకూ వక్కా అక్కడ తప్పనిసరి. అస్సాంలో అతిథికి తామూల్-పాన్ ఇవ్వకపోవడం మర్యాదాలోపం. మేఘాలయలోని ఖాసీలు చనిపోయినవారి గురించి చెప్పేటప్పుడు ‘దేవుని ఇంట వక్క నములుతున్నారు’ అంటారు. మరణాన్ని ఇంత ప్రశాంతంగా, ఒక ఆతిథ్యంగా ఊహించిన సమాజానికి వక్క ఎంత ఆప్తమైనదో వేరే వివరించనవసరం లేదు.

రాజసభల్లో దీనికి మరో అర్థం ఉండేది. రాజు చేతి నుంచి విడెము అందుకోవడం అంటే అనుగ్రహాన్నీ, అప్పగించిన బాధ్యతనూ స్వీకరించడమే. హిందీలో ఒక సవాలును స్వీకరించడాన్ని ‘బీడా ఎత్తుకోవడం’ అనడం ఆ మర్యాదకు ఆనవాలు. రాజుకు తాంబూలపు సంచి, అంటే అడపం మోసేవారికి తెలుగులో ప్రత్యేకంగా అడపకాడు, అడపకత్తె అనే పేర్లున్నాయి. 1443లో విజయనగరానికి వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్ తనకు రాజు తాంబూలం, కర్పూరం ఇప్పించిన తీరును రాసిపెట్టాడు. కవిత్వం చెప్పడానికి కావలసిన వసతుల్లో కప్పురవిడెమును ఒకటిగా లెక్కించిన చాటుపద్యం తెలుగువారికి సుపరిచితమే.

ప్రాచీన వైద్యగ్రంథాలు దీన్ని ఆరోగ్యకరమని చెప్పలేదా?

నోటి శుభ్రతకూ, సువాసనకూ, రుచికీ జాజికాయ, లవంగం, కర్పూరం, తమలపాకులతో పాటు వక్కను నోట్లో ఉంచుకోవచ్చని చరకసంహిత చెప్పింది. ఆ మాటను దాచవలసిన పనిలేదు. అయితే అదే సంప్రదాయం దీన్ని భోగద్రవ్యంగా గుర్తించి బ్రహ్మచారులకూ, సన్యాసులకూ నిషేధించింది. సుశ్రుతుడు ‘విదారి’ అనే నోటివ్యాధిని వర్ణించాడు. అందులోని కొన్ని లక్షణాలు నేడు వక్కతో ముడిపడిన వ్యాధిని పోలి ఉన్నాయని కొందరు దంతవైద్య పరిశోధకులు అంటారు. భోజనానంతరం ఒక విడెము గురించి చెప్పిన వాక్యాన్ని రోజంతా పుక్కిట వక్క పెట్టుకొనే అలవాటుకు సమర్థనగా చూపడం ఆ గ్రంథాలకే అన్యాయం చేయడమవుతుంది.

నమిలినప్పుడు శరీరంలో ఏమి జరుగుతుంది?

వక్కలో అరెకోలిన్, అరెకైడిన్, గువాసిన్, గువాకోలిన్ అనే నాలుగు ముఖ్యమైన ఆల్కలాయిడ్లు, అంటే శరీరంపై బలంగా పనిచేసే మొక్క రసాయనాలు, ఉన్నాయి. వీటిలో అరెకోలిన్ నాడీవ్యవస్థలో సందేశాలు మోసే అసిటైల్‌కోలిన్ పనిచేసే గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. అందువల్ల నోరు ఊరుతుంది, ఒళ్ళు వెచ్చబడుతుంది, చెమట పడుతుంది, కాసేపు చురుకుదనం కలుగుతుంది. అలవాటు లేనివారికి తల తిరుగుతుంది. దాన్నే వాడుకలో వక్క పట్టడం అంటారు. సున్నం నోటిని క్షారగుణంలోకి మార్చి ఈ పదార్థాలు లోపలి పొరల గుండా త్వరగా ఇంకేలా చేస్తుంది, అరెకోలిన్‌లో కొంతభాగాన్ని అరెకైడిన్‌గా మారుస్తుంది. ఆకు, వక్క, సున్నం కలిసినప్పుడే ‘పండుతుంది’ అని చెప్పుకొనే ఎరుపు వెనుక ఉన్నది ఈ క్షారంలో వక్కలోని టానిన్లు అనే వగరు పదార్థాలు పొందే మార్పే. తాంబూలం పండడానికి ఏ రసాయన పరిస్థితి కావాలో, హాని లోపలికి దిగడానికీ అదే తోడ్పడుతోంది.

ఇది వ్యసనమవుతుందా?

అవుతుంది. పొగాకు కలపకుండా నమిలేవారిలోనూ మానలేకపోవడం, మానినప్పుడు చిరాకు, నిద్ర చెడడం, ఏకాగ్రత తగ్గడం వంటివి నమోదయ్యాయి. అరెకోలిన్ నికోటిన్ పనిచేసే గ్రాహకాలలో కొన్నింటిపైన కూడా పనిచేస్తుందని 2015లో ప్రచురితమైన ప్రయోగాలు చూపాయి. కాబట్టి మానలేకపోతున్న మనిషిని మనోబలం లేనివాడని నిందించడం సరికాదు.

పొగాకు లేకపోతే వక్క వల్ల క్యాన్సర్ రాదన్నది నిజమేనా?

కాదు. ఈ అభిప్రాయం ఇంత బలంగా ఎందుకు పాతుకుపోయిందో తెలియాలంటే మాత్రం శాస్త్రం నడిచిన దారిని చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1985లో ఈ విషయాన్ని పరిశీలించి, పొగాకు కలిపిన తాంబూలం మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందనీ, పొగాకు లేని తాంబూలం విషయంలో ఆధారాలు చాలవనీ ప్రకటించింది. ఆనాడు అది నిజాయితీ గల తీర్పు. భారతదేశంలో నమిలేవారిలో ఎక్కువమంది పొగాకుతో కలిపే నమిలేవారు కాబట్టి రెండింటి ప్రభావాన్ని విడదీయడం కష్టమైంది.

తర్వాత తైవాన్ నుంచి అధ్యయనాలు వచ్చాయి. అక్కడ వక్కలో పొగాకు కలిపే ఆచారం లేదు. నమిలేవారిలో చాలామంది సిగరెట్లు కాల్చేవారే అయినా, పొగనూ మద్యాన్నీ లెక్కలోకి తీసుకొని సరిచూసిన తర్వాత కూడా నోటి క్యాన్సర్ ముప్పు వక్క నమిలేవారిలో స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన కూడా అదే దిశను సూచించింది. వీటన్నిటినీ పరిశీలించిన అదే సంస్థ 2003లో సమావేశమై, 2004లో ప్రచురించిన సంపుటంలో పొగాకు లేని తాంబూలాన్నీ, వక్కను విడిగానూ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. 2012 సంపుటంలో ఆ నిర్ణయాన్ని మళ్ళీ ధ్రువీకరించింది. ‘పొగాకు లేదుగా’ అని ఇప్పటికీ తమకు తాము ధైర్యం చెప్పుకొనేవారు తెలియకుండానే 1985 దగ్గర ఆగిపోయారు. పొగాకు కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. అది లేనంతమాత్రాన ముప్పు తొలగిపోదు.

అరెకోలిన్‌ను ‘బహుశా’ అన్న వర్గంలోనే పెట్టారు కదా?

2020లో జరిగిన సమీక్షలో అరెకోలిన్ అనే ఒక్క రసాయనాన్ని ‘క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నది’ అనే 2బి వర్గంలో చేర్చిన మాట వాస్తవం. అయితే ఎవరూ శుద్ధ అరెకోలిన్‌ను నమలరు కాబట్టి దానిమీద మనుషుల్లో నేరుగా ఆధారం దొరకదు. మొత్తం వక్క మొదటి వర్గంలోనే ఉంది. ఒక అంశం గురించిన జాగ్రత్త మాటను మొత్తం పదార్థానికి యోగ్యతాపత్రంగా వాడుకోవడం న్యాయం కాదు.

దీనికి మరో వైపు కూడా చెప్పాలి. మొదటి వర్గంలో ఉన్నవన్నీ ఒకే స్థాయిలో ప్రమాదకరమని కాదు. ఆ వర్గీకరణ క్యాన్సర్ కలిగిస్తుందన్న ఆధారం ఎంత గట్టిదో చెబుతుందే గాని, ఎంత మోతాదుకు ఎంతమందికి వస్తుందో చెప్పదు. రైతు ప్రతినిధులు ఈ తేడాను ఎత్తి చూపినప్పుడు వారి మాటలో సత్యముంది.

నోరు తెరుచుకోకపోవడం అనే జబ్బు ఏమిటి?

దీన్ని వైద్యులు ఓరల్ సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ అంటారు. క్యాన్సర్ పేరు విని భయపడేవారు కూడా ఈ జబ్బు గురించి తక్కువగా వింటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్పడం అవసరం. 1952లో కెన్యాలో నివసిస్తున్న భారతీయ స్త్రీలలో దీన్ని తొలిసారి ఆధునిక వైద్యసాహిత్యంలో వర్ణించారు. మరుసటి ఏడాది బొంబాయి నుంచి మరో వివరణ వెలువడింది. మొదట కారం తగిలితే నోరు మండుతుంది. తర్వాత బుగ్గల లోపలి పొర పాలిపోయి, మృదుత్వం కోల్పోయి, వేలితో తాకితే పీచుపట్టీల్లా తగులుతుంది. క్రమంగా దవడ తెరుచుకోదు, నాలుక బయటికి రాదు, ముద్ద నోట్లో పెట్టుకోవడమే కష్టమవుతుంది.

వక్కలోని ఆల్కలాయిడ్లు కణజాలంలో కొల్లాజెన్ అనే పీచు ప్రోటీను ఉత్పత్తిని పెంచుతాయి, టానిన్లు ఆ కొల్లాజెన్ విచ్ఛిన్నం కాకుండా అడ్డుకుంటాయి. వక్కలో అధికంగా ఉండే రాగి, కొల్లాజెన్ పోగులను ఒకదానితో ఒకటి గట్టిగా బంధించే ఎంజైమును ఉత్తేజపరుస్తుంది. ఉత్పత్తి పెరిగి, తొలగింపు తగ్గి, బంధం బిగియడం వల్ల ఈ జబ్బు ఒకసారి ముదిరితే వెనక్కి మళ్ళదు. కేరళలోని ఎర్ణాకుళం జిల్లాలో ఈ వ్యాధిగ్రస్తులను 17 సంవత్సరాలు గమనించినప్పుడు వారిలో 7.6 శాతం మందికి నోటి క్యాన్సర్ వచ్చింది.

ఇంట్లోనే చేసుకోదగిన ఒక సులభమైన పరీక్ష ఉంది. నోరు పూర్తిగా తెరిచి మధ్య మూడు వేళ్ళను నిలువుగా, ఒకదానిపై ఒకటిగా పళ్ళ మధ్య ఉంచి చూడాలి. అవి పట్టకపోతే దంతవైద్యుణ్ణి సంప్రదించడం ఆలస్యం చేయకూడదు.

ప్రపంచంలో దీని భారం ఎంత?

వక్కను ఏదో ఒక రూపంలో వాడేవారు సుమారు 60 కోట్లని అంచనా. 2024లో వెలువడిన అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం 2022లో ప్రపంచవ్యాప్తంగా నిర్ధారణ అయిన 3,89,800 నోటి క్యాన్సర్లలో 1,20,200 పొగరాని పొగాకు లేదా వక్క వల్ల వచ్చినవే. వాటిలో 83,400 భారతదేశానివి. మానుకోగల ఈ అలవాట్లు మూడింట ఒక వంతుకు దగ్గరగా కారణమవుతున్నాయంటే, అది ఎంతో బాధాకరమైన లెక్క.

పూర్వులు జీవితాంతం నమిలినా బాగానే ఉన్నారు కదా?

కొందరు ఉన్నారు, సిగరెట్లు కాల్చి తొంభై ఏళ్ళు బతికినవారు ఉన్నట్లే. బతికినవారు జ్ఞాపకంలో నిలుస్తారు, నోటిపుండుతో కృశించి పోయినవారి జబ్బుకు ఆనాడు చాలామందికి పేరు కూడా తెలిసేది కాదు. అయినా ఈ ప్రశ్నలో ఒక విలువైన అంశం ఉంది: అప్పటి తాంబూలానికీ ఇప్పటి పొట్లానికీ తేడా ఉంది. ఆకు ఎక్కువగా, వక్క తక్కువగా, భోజనం తర్వాత నమిలే తాంబూలం వేరు. ఆకు లేకుండా ఎండిన వక్క పొడిని రోజుకు అనేకసార్లు నోట్లో పోసుకోవడం వేరు. 1996లో హైదరాబాదు పరిశోధకులు ప్రచురించిన ఒక అధ్యయనంలో, పైన చెప్పిన ఫైబ్రోసిస్ పాన్ మసాలా తినేవారిలో సగటున 2.7 సంవత్సరాలకే కనిపించగా, తాంబూలం నమిలేవారిలో 8.6 సంవత్సరాలకు కనిపించింది. తాంబూలం నెమ్మదిగా చేసే హానిని పొట్లం త్వరగా చేస్తోంది. కాని తాంబూలం చేసింది హాని కాదని దీనికి అర్థం కాదు.

ఎంత తింటే ఫరవాలేదు?

సురక్షితమైన మోతాదు అని ఎవరూ నిర్ధారించలేదు. రోజుకు ఎన్నిసార్లు, ఎన్నేళ్ళు, ఎంతసేపు పుక్కిట ఉంచుకున్నారన్న దాన్ని బట్టి ముప్పు పెరుగుతుంది. బుగ్గన పెట్టుకొని నిద్రపోవడం మరింత చేటు. ఏడాదిలో ఒకటి రెండుసార్లు వ్రతం నాడు ఒక పలుకు నమిలినవారికి భయం నూరిపోయడం నాకు సమ్మతం కాదు. ముప్పు ప్రధానంగా నిత్యాభ్యాసంలో ఉంది.

పిల్లలకు తియ్యని వక్కపొడి ఇవ్వవచ్చా?

ఇవ్వకూడదు. తీపీ పరిమళమూ కలిపినా అందులోది వక్కే, అలవాటు పడడానికి అది తొలిమెట్టు.

గర్భిణులు, మందులు వాడేవారు ఏం గమనించాలి?

గర్భధారణలో వక్క నమలడానికీ శిశువు బరువు తగ్గడానికీ సంబంధం ఉన్నట్లు అధ్యయనాలు తెలిపాయి. అరెకోలిన్ శ్వాసనాళాలను బిగించగలదు కాబట్టి ఉబ్బసం ఉన్నవారు దూరంగా ఉండాలి. మానసిక వ్యాధులకు మందులు వాడేవారిలో వక్క వల్ల వణుకు, బిగువు పెరిగిన సందర్భాలు నమోదయ్యాయి. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా ఈ అలవాటును చెప్పాలి. అడగలేదు కదా అని ఊరుకోకూడదు.

ప్రభుత్వాలు ఏం చేశాయి?

భారతదేశంలో ఆహారపదార్థాల్లో పొగాకు, నికోటిన్ ఉండరాదన్న 2011 నాటి నిబంధన ఆధారంగా, 2012లో మధ్యప్రదేశ్ మొదలుకొని రాష్ట్రాలు గుట్కాను నిషేధించాయి. దానితో పాన్ మసాలా ఒక పొట్లంలో, పొగాకు మరో పొట్లంలో పక్కపక్కనే అమ్ముడుపోవడం మొదలైంది. చట్టం పొగాకుపై దృష్టి పెట్టి వక్కను వదిలేయడంలోని లోపం ఇక్కడే బయటపడింది. వక్క పొట్లాలపై ‘నమలడం ఆరోగ్యానికి హానికరం’ అన్న హెచ్చరిక ముద్రించాలన్న నియమం మాత్రం ఉంది.

థాయ్‌లాండ్‌లో 1940లలో ప్రధాని ఫిబున్ ప్రభుత్వం ఆధునికత పేరుతో ఈ అలవాటును నిషేధించింది. అందులో ఆరోగ్యచింత కన్నా, పాశ్చాత్యుల కళ్ళలో నాగరికంగా కనిపించాలన్న ఆరాటమే ఎక్కువ. పాపువా న్యూగినీ రాజధాని పోర్ట్ మోర్స్‌బీలో 2013లో అమ్మకాన్ని నిషేధించినప్పుడు చిన్న అమ్మకందారుల జీవనోపాధి దెబ్బతిన్నది. చైనా 2021లో రేడియో, టెలివిజన్లలో వక్క ప్రకటనలను ఆపింది. తైవాన్ మార్గం నాకు ఎక్కువ ఆలోచనాత్మకంగా తోస్తుంది: నమిలేవారికి నోటి పరీక్షలు చేయించడం, వక్క సాగు వదిలే రైతులకు సాయం అందించడం, ఏటా డిసెంబరు 3న అవగాహన దినం పాటించడం. మనిషిని శిక్షించకుండా అలవాటును తగ్గించే ప్రయత్నం అది.

వక్క నుంచి మందులు రాలేదా?

వచ్చాయి. అరెకోలిన్‌ను కుక్కల కడుపులోని బద్దెపురుగులను వెడలగొట్టడానికి పూర్వం వాడేవారు. దాని నిర్మాణాన్ని ఆధారం చేసుకొని రూపొందించిన జానోమెలిన్ అనే మందు మరో మందుతో కలిపి 2024లో అమెరికాలో స్కిజోఫ్రీనియా అనే మానసిక వ్యాధి చికిత్సకు అనుమతి పొందింది. ఒక గింజలోని రసాయనం నుంచి మందు పుట్టడం ఆ గింజ నమలడానికి సమర్థన కాదు. గసగసాల మొక్క నుంచి వచ్చిన మార్ఫిన్‌ను తలచుకుంటే ఈ తేడా తెలుస్తుంది.

మరి సాగుదారుల మాటేమిటి?

ప్రపంచంలో వక్కను అత్యధికంగా పండించేది భారతదేశం, అందులోనూ కర్ణాటక. పోకతోట కాపుకు రావడానికే ఏళ్ళు పడుతుంది. అందుచేత ఈ రైతును రాత్రికి రాత్రి వేరే పంటకు మారమనడం అజ్ఞానం. తమ పంటను విషమని పిలిచినప్పుడు వారు నొచ్చుకోవడం సహజం. అయితే వారి భవిష్యత్తును కాపాడే మార్గం శాస్త్రాన్ని కాదనడంలో లేదు. అంతరపంటలకూ, నమలడానికి కాని ఇతర వినియోగాలకూ పెట్టుబడి, హామీ కోరడంలో ఉంది.

మానాలంటే ఏం చేయాలి? మానితే ప్రయోజనం ఉంటుందా?

ఉంటుంది. మానినవారిలో ముప్పు క్రమంగా తగ్గుతుంది, తెల్లమచ్చల వంటి తొలి మార్పులు వెనక్కి పోయిన సందర్భాలూ ఉన్నాయి. ఫైబ్రోసిస్ పూర్తిగా పోకపోయినా, మానితే ముదిరే వేగం తగ్గవచ్చు, నోటి వ్యాయామంతో, చికిత్సతో దవడ కొంత తెరుచుకోవచ్చు. పొగాకు కూడా కలిపేవారు రెండింటినీ కలిపి వదలడం మంచిది. ఒకటి మిగిలితే రెండోదాన్ని పిలుచుకొస్తుంది. రెండు వారాలు దాటినా మానని పుండు, ఎర్రని లేదా తెల్లని మచ్చ, మింగడంలో ఇబ్బంది కనిపిస్తే వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

వక్క నమలకుండా తాంబూల మర్యాదను నిలుపుకోవచ్చా?

నిలుపుకోవచ్చు. తాంబూలం ఇచ్చినప్పుడు పుచ్చుకోవడమే మర్యాద, నమలాలని ఎక్కడా లేదు. మహారాష్ట్రలో వక్కను గణపతిగా నిలిపి పూజిస్తారు. దాన్ని ఎవరూ నమలరు. తమలపాకును విడిగా క్యాన్సర్ కారకంగా ఏ సంస్థా వర్గీకరించలేదు కాబట్టి, భోజనానంతరం రుచి కోరేవారు వక్క లేకుండా సోంపు, ఏలకి, లవంగంతో ఆకు వేసుకోవచ్చు. పళ్ళెంలో రెండు ఆకులపై నిండు వక్కను ఉంచి అందిస్తే పుచ్చుకొన్నవారు దాన్ని కళ్ళకద్దుకొని దేవుని దగ్గర ఉంచుతారు.